రైట్ చెప్పేవాడు లేని విమానం

నిదానం భార్యకి ఫ్రిజ్ కావాలి. అందుకని బట్టల సబ్బు రేపర్లు సంచీ నిండా పోగుచేసి, సబ్బు కంపెనీ పెట్టిన లక్కీ డ్రాకి పంపింది. ఫ్రిజ్ రెండో బహుమతి. ఖర్మ కాలి మొదటి బహుమతి వచ్చింది.

మొదటి బహుమతి చిన్న విమానం నడపడంలో శిక్షణ. సబ్బుకీ విమానానికీ ఏం చుట్టరికమని అడిగితే, కంపెనీ నుంచి వచ్చిన టై మనిషి తెలుపు, మబ్బు, స్వేచ్ఛ అని మూడు మాటలు చెప్పి చేతులు రెక్కల్లా ఆడించాడు. ఆవిడ అంతా ఓపిగ్గా విని, దీని బదులు ఫ్రిజ్ ఇస్తారా అంది. ఇవ్వరట. పోనీ, ఫ్రిజ్ వచ్చినవాళ్ళకి విమానం మీద మోజుందేమో కనుక్కుంటాను, వాళ్ళ అడ్రసివ్వండి అంది. అదీ ఇవ్వరట. గెలిచినవాళ్ళు గానీ, వాళ్ళ భర్తో భార్యో గానీ నేర్చుకోవాలి. వానలు పడేలోగా, పక్కన ఎవరూ లేకుండా, ఒంటరిగా ఒక్క చుట్టు ఎగిరి దిగితే లైసెన్సు వచ్చేదాకా కంపెనీయే నేర్పిస్తుంది. ఎగరలేకపోతే అక్కడితో సరి. ఆవిడకి స్టూలెక్కి అటక మీద డబ్బా తీస్తేనే కళ్ళు తిరుగుతాయి. అందుకని మొగుడి వైపు చూసింది.

మొగుడు ఆ సమయానికి కుర్చీలో కూర్చుని, ఎదురు గోడకేసి తదేకంగా చూస్తూ, మూడో గేరులోంచి నాలుగో గేరులోకి మారుతున్నాడు.

సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక అతనికి మిగిలిన పని అదొక్కటే. భోజనానికి కూర్చుంటే ఎడమకాలు క్లచ్ తొక్కేది. నిద్రలో పక్కకి ఒత్తిగిలాలంటే చెయ్యి బయటికి చాపి సిగ్నలిచ్చి మరీ ఒత్తిగిలేవాడు. ఆ సిగ్నలు రోజూ భార్య ముక్కుకి తగిలేది. అందుకే ఆవిడ ఎక్కువ ఆలోచించలేదు. ఇంట్లో తోలేదేదో ఆకాశంలో తోలమని చెప్పి, ఖాళీ రేపర్ల సంచీ దులిపి మడత పెట్టేసింది.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని వీధిలో నవ్వారు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళకి ఫ్రిజ్‌లున్నాయి.

నిదానం అన్నది డిపోలో పెట్టిన పేరు. మెచ్చుకుని పెట్టింది కాదు. కండక్టరు "రైట్ రైట్" అననిదే అతని బస్సు అంగుళం కదిలేది కాదు. ముందు సిగ్నలు పచ్చబడినా, వెనక లారీవాడు హారనుతో చెవులు చిల్లులు పొడుస్తున్నా, ఆఖరి ప్రయాణికుడు ఎక్కి కూర్చుని చెమట తుడుచుకుని కునుకు తీస్తున్నా సరే, ఆ కేక వినబడేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని బొమ్మలా కూర్చునేవాడు. ఆ కండక్టరు పరాయివాడేం కాదు, భార్యకి సొంత తమ్ముడు. అతని గొంతు ఒక స్టాపులో మోగితే పై స్టాపులో జనం లేచి నిలబడేవాళ్ళు కాబట్టి అతనికి కంచు అని పేరు. బావా బావమరుదులిద్దరూ ఒకే బస్సు మీద ఉద్యోగం చేశారు. అందులో చాలా ఏళ్ళు ఒకరితో ఒకరికి మాటల్లేకుండా చేశారు. ఆ సంగతి దాని చోట వస్తుంది.

ఫ్లయింగ్ క్లబ్బు ఊరి చివర, సిమెంటు గొట్టాలు పోసే ఫ్యాక్టరీ వెనకాల ఉంది. రేకుల షెడ్డు, అందులో రెండు విమానాలు. ఒకటి ఎప్పుడూ విప్పి ఉండేది, రెండోది దాని భాగాలతో ఎగిరేది. షెడ్డు పక్కన మేడ, మేడ మీద అద్దాల గది. గదిలో రేడియో దగ్గర కూర్చునే ఆయన రోజంతా మైకులో పైలెట్లతో మాట్లాడి మాట్లాడి, కింద టీ కావాలన్నా చివర "ఓవర్" అనేవాడు. కింద ఒక మెకానిక్కు. నేర్పే ఆవిడ సన్నగా, ఎర్ర టోపీతో, బబుల్‌గమ్ నముల్తూ ఉండేది. నిదానం ఆవిణ్ణి మేడమ్‌గారూ అనేవాడు. ఆవిడ అతన్ని అంకుల్ అనేది.

మొదటిరోజు నిదానం విమానం చుట్టూ తిరిగి మూడు చక్రాలూ కాలితో తన్ని చూశాడు. ముందు చక్రం చిన్నగా ఉండటం చూసి, స్టెప్నీ వేసుకుని తిరుగుతున్నారా అని మెకానిక్కుని మందలించాడు. సీటు మీద తువ్వాలు పరుచుకున్నాడు. ఎక్కి కూర్చున్నాక హారన్ ఎక్కడుందని అడిగాడు. లేదంటే నమ్మలేదు. డాష్‌బోర్డు మీద ఉన్న మీటలన్నీ వేలితో తడిమి, నిజంగానే లేదని తేలాక దిగాలుపడిపోయాడు.

"ఎవరైనా అడ్డం వస్తే ఎట్లాగండీ?"

"ఆకాశంలో అడ్డం ఎవరొస్తారు అంకుల్?"

"ఎవరు రారండీ?" అన్నాడు నిదానం. సిటీ బస్సు తోలిన మనిషి అంతకన్నా ఏమనగలడు? మర్నాడు ఇంటి నుంచి బస్సు లోపలి అద్దం ఒకటి, డిపోలో స్క్రాపులో పడేస్తుంటే తెచ్చి దాచుకున్నది, తీసుకొచ్చి ఇనప తీగతో నెత్తి మీద బిగించాడు. వెనకాల జనం కనబడాలి కదా. అద్దంలో మేడమ్‌గారి హ్యాండ్‌బ్యాగు కనబడేది. దాన్నే అప్పుడప్పుడు చూసి తృప్తిపడేవాడు.

అన్నిటికన్నా కష్టమైంది బ్రేకు. ప్రాణం మీదికొస్తే బ్రేకు తొక్కడం అతనికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఇక్కడ పైకెళ్ళాక బ్రేకే లేదు. వేగం తగ్గితే విమానం నిలబడదు, రాలిపోతుంది. భయమేస్తే వేగం పెంచాలి. ఈ చోద్యాన్ని ఇంటికొచ్చి భార్యకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. గ్యాసు అయిపోవస్తోందని తెలిస్తే నేను వంట తొందరగా చెయ్యనా, ఇదీ అంతే, అంది. నిదానానికి ఆ పాఠం అప్పుడు బోధపడింది.

బోధపడ్డాక మాత్రం అతనికి పిచ్చి పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో కూడా అంత పెందలాడే స్నానం చేసి ఎరగడు. పైకెళ్ళి తిరిగొచ్చిన రోజు మొహం వెలిగిపోయేది, కూరలో ఉప్పు లేకపోయినా తెలిసేది కాదు. గోడకేసి గేర్లు మార్చడం మానేశాడు. అతను విమానం నేర్చుకోవడం ఎందుకని ఎవరైనా అడిగితే సబ్బు పేరు చెప్పేవాడు గానీ, నిజం వేరు. రిటైరైన రోజు నుంచీ తను ఎవరికీ దేనికీ పనికిరానని లోపల ఒక పురుగు తొలుస్తూ ఉండేది. పైకెళితే ఆ పురుగు కిందే ఉండిపోయేది.

అయితే కట్టెతో గానీ పోని గుణాలు కొన్ని ఉంటాయి. ఊరి మీదుగా ఒక చుట్టు తిప్పమంటే నిదానం తన పాత బస్సు రూటు పట్టుకుని వెళ్ళాడు. పెద్దాసుపత్రి దగ్గర ఎడమకి, సినిమాహాలు దగ్గర కుడికి, మార్కెట్టు మీద కొంచెం నెమ్మది. రైల్వేగేటు దగ్గర ఉన్నట్టుండి విమానాన్ని పక్క వీధి మీదికి తిప్పాడు. ఎందుకని మేడమ్‌గారు అడిగితే, కింద రోడ్డు తవ్వుతున్నారండీ, డైవర్షన్ పెట్టారు, అన్నాడు. ఆవిడ నమలడం ఆపేసి కిందికి చూసింది. నిజంగానే తవ్వుతున్నారు. మంచిది అంకుల్, అంది.

ఇంకొక సంగతి ఉంది, దాన్ని ఆవిడ చాలా రోజులు పట్టించుకోలేదు. రన్‌వే మీద విమానం బయల్దేరాలంటే నల్లటి పిడి ఒకటి ముందుకి తొయ్యాలి. అది ఇంజిన్ జోరు పెంచే థ్రాటిల్. దిగాలంటే దాన్ని వెనక్కి లాగాలి. జాగ్రత్త కోసం ఆవిడ ఆ రెండు వేళల్లోనూ తన చెయ్యి అతని చేతి మీద పెట్టేది. బయల్దేరేటప్పుడు నిదానం చెయ్యి పిడి మీద అలాగే ఉండిపోయేది. ఆవిడ చెయ్యి కాస్త తోసేది. అప్పుడు కదిలేవాడు. ఇక చూడాలి, ఆ తర్వాత నీళ్ళు పోసినంత నున్నగా నడిపేవాడు. పెద్దవాడు, మర్యాదస్థుడు, నా కోసం ఆగుతున్నాడని ఆవిడ అనుకునేది.

మర్యాద కాదని ఒంటరిగా ఎగరాల్సిన రోజున తేలింది.

ఆ పొద్దున మేడమ్‌గారు దిగిపోయి, తలుపు వేసి, బొటనవేలు చూపించింది. నిదానం విమానాన్ని రన్‌వే మొదట్లోకి తీసుకెళ్ళి నిలబెట్టాడు. బయల్దేరమని అద్దాల గది నుంచి రేడియో ఆయన అన్నాడు. ఇంజిన్ తిరుగుతోంది. విమానం కదల్లేదు. మళ్ళీ చెప్పాడు, ఓవర్ అన్నాడు. కదల్లేదు. మేడమ్‌గారు మైకు లాక్కుని, థ్రాటిల్ ముందుకి తొయ్యండి అంకుల్, అంది. చిత్తం మేడమ్‌గారూ అని జవాబొచ్చింది, విమానం మాత్రం రాలేదు. చివరికి మెకానిక్కు పరిగెత్తుకుంటూ వెళ్ళి కిటికీలోంచి చూస్తే, నిదానం చెయ్యి పిడి మీదే ఉంది, కళ్ళు నెత్తి మీది అద్దంలో ఉన్నాయి, మొహం నిండా చెమట.

"ఏమైంది సార్?" అన్నాడు మెకానిక్కు.

"మోకాలి నొప్పి," అన్నాడు నిదానం.

విమానాన్ని తోసే పిడికీ మోకాలికీ ఏమిటి సంబంధం? ఎవరూ అడగలేదు, పాపం పెద్దవాడని. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బస్సు డ్రైవరు కదా అని మేడమ్‌గారికి ఒక ఆలోచన తట్టి మైకులో "రైట్ రైట్" అంది. నిదానం చెయ్యి ఉలిక్కిపడింది కానీ ఆగిపోయింది. రేడియో ఆయన అన్నాడు. మెకానిక్కు అన్నాడు. ఫోటోలు తీద్దామని వచ్చిన సబ్బు కంపెనీ టై మనిషి కూడా గొంతు సవరించుకుని అన్నాడు. అద్దాల గది సాయంత్రం బస్టాండులా మోగిపోయింది. రన్‌వే మొదట్లో విమానం మొండికేసిన దున్నపోతులా నిలబడే ఉంది. పడమట అప్పటికే మబ్బు పోగవుతోంది. ఇంకొక్క అవకాశం, అదీ ఎల్లుండి, అని మెత్తగా చెప్పి మేడమ్‌గారు టోపీ తీసేసింది.

ఇంటికొచ్చి నిదానం కుర్చీలో కూర్చుని గోడకేసి చూశాడు. ఈసారి గేర్లు కూడా మార్చలేదు. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. ఆ చేతులు చూసి భార్యకి భయమేసింది.

ఇక చెప్పక తప్పదనుకుంది ఆవిడ. ఈ మోకాలి నొప్పి ఆవిడకి కొత్త కాదు. తమ్ముడు సెలవు పెట్టిన ప్రతిరోజూ మొగుడికి మోకాలి నొప్పి వచ్చేది. తమ్ముడికి జ్వరమొస్తే ఈయన మోకాలికి కాపడం. తమ్ముడు డ్యూటీకెక్కిన పొద్దున ఈయన మోకాలు పాలరాయి. వేరే కండక్టరు ఎక్కితే ఈ మనిషి బస్సు తియ్యలేడని ఆవిడకి ఎప్పుడో అర్థమైంది. మధ్యలో దూరితే ఇద్దరూ కలిసి తన మీద పడతారని నోరు కట్టుకుని ఊరుకుంది.

"నీది మోకాలి నొప్పి కాదు," అంది. "వెళ్ళి వాణ్ణి పిలువు."

పిలవడమంటే మాటలా? మాటలే లేవు.

కంచుకీ నిదానానికీ చెడింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. మార్కెట్టు స్టాపులో కంచు మంచినీళ్ళు తాగడానికి కిందికి దిగాడు. బస్సులో ఒక బట్టలకొట్టు గుమస్తా ఉన్నాడు, పనికి ఆలస్యమైపోతోందని సీటులో నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. తెలిసి అన్నాడో, తొందరలో అన్నాడో, కంచు గొంతు తెచ్చిపెట్టుకుని "రైట్ రైట్" అని ఒక కేక పెట్టాడు. నిదానం బస్సు తీసేశాడు. చేతిలో నీళ్ళ గ్లాసు, భుజాన డబ్బుల సంచీ, కరిగే తారురోడ్డు. బస్సు ముందు, కండక్టరు వెనక. ఆఖరి స్టాపు దాకా టిక్కెట్టడిగిన నాథుడు లేడు. ప్రయాణికులు హాయిగా ఎక్కారు, దిగారు. కంచు డిపోకి చేరేసరికి ఒక చెప్పు తెగి చేతిలో ఉంది, గ్లాసు ఇంకా రెండో చేతిలోనే ఉంది.

డిపోలో నెల్లాళ్ళు నవ్వుకున్నారు. కంచుకి నవ్వు మీద కోపం లేదు. ఎండ మీదా లేదు. "ఇన్నేళ్ళు నా గొంతు విన్నావు. ఎవడో అరిస్తే నేననుకున్నావా?" అన్నాడు ఆ రోజు. నిదానం జవాబు చెప్పలేదు. ఏం చెప్పినా తప్పే కాబట్టి రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు రానేలేదు. అదే కంచు అతనితో అన్న ఆఖరి మాట.

ఆ తర్వాత బస్సులో రెండే మాటలు, కదలడానికి "రైట్ రైట్", ఆగడానికి "హోల్డాన్". అవి ఉద్యోగం కాబట్టి. ఇంటికొస్తే కంచు అక్కతోనే మాట్లాడేవాడు, అదే గదిలో నిదానం కూర్చుని ఉన్నా "మీ ఆయన" అనేవాడు. బావ అన్న మాట నోట రానివ్వలేదు. ఇంకొక పని కూడా చేశాడు. డ్రైవరు నెత్తి మీది అద్దంలో ఇదివరకు కంచు మొహం కనబడుతూ ఉండేది. అద్దానికి అందని మూల ఒకటి వెతుక్కుని రిటైరయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. నిదానానికి గొంతొక్కటే మిగిలింది.

కంచు ఇప్పుడు ఒక అపార్టుమెంటులో ఉంటున్నాడు. నిదానం వెళ్ళేసరికి లిఫ్టులో ఉన్నాడు. పనేమీ లేదు, ఊరికే. లిఫ్టు ఆగిన ప్రతి అంతస్తులోనూ లోపలికి జరగండి, లోపలికి జరగండి అని జనాన్ని సర్ది, తలుపు పడ్డాక రైట్ చెప్పి పైకి పంపుతున్నాడు. ఆ ఇళ్ళవాళ్ళు మొదట్లో విసుక్కున్నారు గానీ ఇప్పుడు అతను లేకపోతే లిఫ్టు ఎక్కడానికి జంకుతున్నారు. నిదానాన్ని చూడగానే కంచు నోరు మూసుకుని ఇంట్లోకి నడిచాడు. తలుపు మాత్రం తీసే ఉంచాడు.

ఇంట్లో ఎవరూ లేరు. ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. ఎప్పుడూ మధ్యలో అక్క ఉండి ఇటు మాట అటు చేరవేసేది. ఇప్పుడు మధ్యలో స్టాండు ఫ్యాను తప్ప ఇంకేం లేదు. అది ఒకసారి ఇతని వైపు, ఒకసారి అతని వైపు మెడ తిప్పుతోంది. చాలాసేపు దాన్నే చూసి చూసి, అది తన వైపు తిరిగినప్పుడు నిదానం ఫ్యానుతో అన్నాడు.

"క్లబ్బులో మేడమ్‌గారు ఎల్లుండి ఒకసారి రమ్మంటున్నారు. నేను రమ్మన్నానని కాదు."

ఫ్యాను అటు తిరిగింది.

"విమానానికి కండక్టరెందుకట?" అని కంచు ఫ్యానుని అడిగాడు.

ఫ్యాను ఇటు తిరిగింది. "కదలట్లేదు."

"కదలకపోతే మెకానిక్కుని పిలుచుకోమను."

"విమానం బాగానే ఉంది. కదలంది నేను," అన్నాడు నిదానం.

ఫ్యాను మధ్యలో టక్కున ఆగిపోయింది. దానికి ఆ జబ్బు ఉంది. ఇద్దరూ దిక్కుతోచక దానికేసి చూశారు. కంచు లేచి దాని నెత్తి మీద ఒక్కటిచ్చాడు, మళ్ళీ తిరిగింది. మోకాలి నొప్పా అని వెటకారంగా దాన్నే అడిగాడు. నిదానం మోకాలి నొప్పే అన్నాడు. ఆ నొప్పి సంగతి కంచుకి తెలుసు. తను సెలవు పెడితే చాలు ఈయన కూడా సందు చూసుకుని పడుకునేవాడని, వట్టి సోమరిపోతని ఎప్పట్నుంచో అతని అభిప్రాయం.

"అక్క ఫోన్ చేసింది కాబట్టి వస్తా," అన్నాడు చివరికి. "ఇంకెవరి కోసమో అని ఎవరూ అనుకోవద్దు."

చెప్పినట్టే వచ్చాడు. పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు. అద్దాల గదిలో అప్పటికే ఒక జాతర ఉంది. మేడమ్‌గారు, రేడియో ఆయన, మెకానిక్కు, కెమెరాతో టై మనిషి, మంచినీళ్ళ సీసాతో అక్క. పడమట మబ్బు నల్లబడి ఫ్యాక్టరీ పొగగొట్టం దాకా వచ్చేసింది. రన్‌వే మొదట్లో విమానం గురగురలాడుతోంది. మేడమ్‌గారు మైకు ఇచ్చి, అనండి, అంది.

కంచు వెంటనే అనలేదు. ఎంతమంది ఎక్కారని అడిగాడు. ఒక్కరే అన్నారు. తలుపు పడిందా అన్నాడు. పడిందన్నారు. ఫుట్‌బోర్డు మీద ఎవరూ లేరుగా అని, రేడియో ఆయన దగ్గర దుర్భిణీ తీసుకుని విమానం రెండు వైపులా పరీక్షగా చూశాడు. అప్పుడు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"రైట్ రైట్."

రెండో రైట్ పూర్తి కాకుండానే విమానం కదిలింది. రన్‌వే మీద ఉరికి, ముక్కు ఎత్తి, ఫ్యాక్టరీ మీదుగా పైకి లేచిపోయింది. గదిలో అందరూ కేకలేశారు. అక్క సీసా పారేసుకుంది. కేక వెయ్యనిది కంచు ఒక్కడే.

మెకానిక్కు ఉండబట్టలేక, మేమందరం గొంతులు పోయేలా అరిచాం సార్, ఒక్కరికీ కదల్లేదు, అన్నాడు. టై మనిషి కూడా అరిచాడట. కంచు అక్క వైపు చూశాడు. అక్క కూడా ఇక దాచలేదు. నువ్వు సెలవు పెడితే గానీ ఆయన మోకాలు నొప్పెట్టేది కాదురా, వేరేవాడు రైట్ అంటే కాలు రాదు ఆయనకి, అంది. కంచు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

పైన నిదానానికి సంతోషంతో ఏడుపొచ్చింది. పక్క సీటు ఖాళీ. మనిషి బరువు తగ్గేసరికి విమానం చెప్పిన మాట కన్నా ముందే ఎగిరిపోతోంది. భయమేసింది, వేగం పెంచాడు. ఆసుపత్రి, సినిమాహాలు, మార్కెట్టు అన్నీ అగ్గిపెట్టెల్లా కింద ఉన్నాయి. అలవాటు కొద్దీ నెత్తి మీద అద్దంలోకి చూశాడు. ఎవరూ లేరు. అద్దంలో ఎవరూ లేకపోవడం అతనికి కొత్త కాదు కాబట్టి మూల ఎక్కడో ఉన్నాడనే అనుకుని చుట్టు తిరిగొచ్చి, స్టాపు వస్తోందని రేడియోలో చెప్పాడు.

జవాబు రాలేదు. జవాబు రాకపోతే స్టాపులో దిగేవాళ్ళెవరూ లేరని అర్థం. విమానం రన్‌వే మీదుగా అలాగే దాటుకుని వెళ్ళిపోయింది.

మేడమ్‌గారు కంగారుపడి, హోల్డాన్ అనండి, అంది. కంచు పలకలేదు. ఆవిడే మైకు దగ్గరికి వంగి అంది. రేడియో ఆయన అన్నాడు. విమానం రెండోసారి కూడా నెత్తి మీదుగా దర్జాగా వెళ్ళిపోయింది. మొదటి చినుకులు అద్దం మీద పడ్డాయి. ఒరేయ్, చెప్పరా, అని అక్క భుజం పట్టుకుని కుదిపింది. కంచు మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు. అక్క నోట విన్నది చాలలేదు అతనికి. ఎన్నాళ్ళుగానో మింగలేక కక్కలేక ఉన్న మాట అది, ఆ మనిషి నోటితోనే వినాలి.

"ఆ రోజు మార్కెట్టు దగ్గర నా గొంతు ఎందుకు గుర్తుపట్టలేదు?" అన్నాడు.

పైన ఫ్యాను లేదు. అక్క లేదు. తలుపు తీసుకుని బయటికి పోయే వీలూ లేదు. నిదానం ఒక చుట్టు మొత్తం తిరిగాడు. తర్వాత రేడియోలో గరగర మధ్య అతని గొంతు వచ్చింది.

"గుర్తుపట్టలేదురా. తప్పు నాదే. మళ్ళీ ఆ తప్పు జరక్కూడదని అప్పట్నుంచి ఇంకెవరు చెప్పినా బండి తియ్యలేదు."

టై మనిషి ఫోటో తియ్యబోయి మానేశాడు. కంచు మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మాట వచ్చింది, కానీ అది కంచు గొంతు కాదు. ఏడుపుతో జీరబోయి, చీలిపోయి, ముక్కలు ముక్కలుగా వచ్చింది. పక్కనే ఉన్న మేడమ్‌గారికే హోల్డాన్ అన్నాడో దగ్గాడో తెలియలేదు. సొంత అక్క కూడా, ఆ గొంతు ఎవరిదా అన్నట్టు తిరిగి చూసింది.

విమానం ముక్కు వంచింది. చినుకుల్లోంచి నెమ్మదిగా, ఎవరో వృద్ధురాలు దిగాలని ముందే చెప్పినట్టు, అంత సుతారంగా వచ్చి రన్‌వే మీద వాలింది. పరిగెత్తి పరిగెత్తి షెడ్డు ముందు ఆగింది. ఇంజిన్ ఆగిపోయింది. నిదానం మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని లోపలే కూర్చున్నాడు. వాన పెద్దదైంది. మెకానిక్కు గొడుగు పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టినా దిగలేదు.

అద్దాల గదిలో కంచు ముక్కు తుడుచుకుని మైకు మళ్ళీ దగ్గరికి తీసుకున్నాడు.

"లాస్ట్ స్టాప్ బావా. దిగు."

నిదానం సీటు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుని కిందికి దిగాడు.